ట్రయల్ బ్యాలెన్స్ నుంచి ఆదాయ నివేదిక దాకా: కంపెనీ లాభం లెక్క తేల్చడం ఎలా?

ఏడాది ముగిసింది. ట్రయల్ బ్యాలెన్స్, అంటే అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ నిల్వల జాబితా, టాలీ అయింది. అమ్మకాల్లోంచి ఖర్చులు తీసేస్తే లాభం వచ్చేస్తుంది కదా, ఇక మిగిలింది ప్రింట్ తీయడమే అనిపిస్తుంది. కానీ అసలు పని మొదలయ్యేది అప్పుడే. డెబిట్లు, క్రెడిట్లు కుదిరాయంటే రెండు వైపులా ఒకే మొత్తం పడిందని మాత్రమే అర్థం. ఆ మొత్తం ఈ ఏడాదిదా, వచ్చే ఏడాదిదా, అసలు మన కంపెనీదేనా అన్న సంగతి ట్రయల్ బ్యాలెన్స్‌కు తెలియదు.

ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. ప్రింటింగ్ యంత్రాలు అమ్ముతుంది, వాటికి మెయింటెనెన్స్ కూడా చేస్తుంది. డిసెంబర్ 31తో ఏడాది ముగుస్తుంది. అంకెలన్నీ లక్షల్లో ఉన్నాయి, కరెన్సీ ఏదైనా అనుకోండి. పుస్తకాల్లో ఉన్నది ఇదీ:

- ఇన్వాయిస్ వేసిన అమ్మకాలు: 1,200
- ప్రారంభ సరుకు: 150
- కొనుగోళ్లు: 640
- జీతాలు: 165
- అద్దె: 36
- బీమా: 12
- రిపేర్లు: 30
- ఇతర అమ్మకం, ఆఫీసు ఖర్చులు: 51
- వడ్డీ: 9
- గోడౌన్‌లో లెక్కపెట్టిన ముగింపు సరుకు: 130

ఉన్నది ఉన్నట్టు లెక్కేస్తే అమ్మిన సరుకు ఖర్చు 150 + 640 − 130 = 660. మిగతా ఖర్చులు 303. లాభం 237. ఈ అంకె తప్పు. ఎంత తప్పో ఒక్కో అడుగు వేస్తూ చూద్దాం.

## ముందు ఒక అలవాటు చేసుకోండి

లాభాన్ని లాభనష్టాల ఖాతాలో వెతకడం చాలామందికి అలవాటు. నేనైతే ఆస్తి అప్పుల పట్టీలో (బ్యాలెన్స్ షీట్‌లో) వెతకమంటాను. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల మండలి 2018లో సవరించిన భావనాత్మక చట్రం ఆదాయాన్ని నిర్వచించింది కూడా అలాగే. ఆస్తులు పెరగాలి, లేదా అప్పులు తగ్గాలి. దానివల్ల యజమానుల వాటా పెరగాలి. యజమానులు కొత్తగా పెట్టిన డబ్బు మాత్రం ఇందులోకి రాదు. బ్యాంకు అప్పు ఇస్తే నగదు పెరుగుతుంది, అంతే అప్పూ పెరుగుతుంది, కాబట్టి అది ఆదాయం కాదు. వాటాదారులు మూలధనం పెడితే అదీ ఆదాయం కాదు.

దీన్ని పనిలో ఎలా వాడాలి? ఏ సవరణ రాస్తున్నా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఏ ఆస్తి మారింది, ఏ అప్పు మారింది? జవాబు దొరక్కపోతే పెన్ను కింద పెట్టండి. ఎంట్రీ తప్పయినా అయి ఉండాలి, మీకు అర్థం కాకుండానైనా ఉండాలి.

మాటల విషయంలో కూడా కాస్త జాగ్రత్త. ఇక్కడ రాబడి అంటే రెవెన్యూ, అంటే వ్యాపారంలో అమ్మకాలూ సేవల వల్ల వచ్చేది. ఆదాయం అంటే రాబడితో పాటు ఆస్తి అమ్మిన లాభం లాంటివి కూడా కలిసిన పెద్ద గొడుగు. లాభం అంటే ఖర్చులు పోగా మిగిలింది.

## మొదటి అడుగు: రాబడి ఎంత, ఎప్పటిది?

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15 (రాబడి మీద ఆ మండలి ఇచ్చిన ప్రమాణం) ఇందుకు అయిదు మెట్లు చెప్పింది: కాంట్రాక్టును గుర్తించడం, అందులో ఇచ్చిన హామీలను విడదీయడం, మొత్తం ధర తేల్చడం, ఆ ధరను హామీల మధ్య పంచడం, ఒక్కో హామీ నెరవేరినప్పుడు దానికి చెందిన రాబడి రాయడం. అమెరికాలో ఏఎస్‌సీ 606, భారత్‌లో ఇండ్ ఏఎస్ 115 దాదాపు ఇదే దారిలో నడుస్తాయి.

మన కంపెనీ జులై 1న ఒక కస్టమర్‌తో 120కి ఒప్పందం చేసుకుంది. యంత్రం ఇవ్వాలి, ఆ రోజు నుంచి 24 నెలలు మెయింటెనెన్స్ చేయాలి. యంత్రం అదే రోజు అప్పజెప్పింది, మొత్తం డబ్బు అదే రోజు చేతికొచ్చింది. అకౌంటెంట్ 120 మొత్తాన్నీ అమ్మకాల్లో రాసేశారు. డబ్బు వచ్చింది, ఇన్వాయిస్ ఉంది, ఇంకేం కావాలి అన్నది ఆయన వాదన.

కానీ ఇక్కడ హామీలు రెండు. విడిగా అమ్మితే యంత్రం ధర 110, రెండేళ్ల మెయింటెనెన్స్ ధర 40, కలిపి 150. కస్టమర్‌కు 30 తగ్గింపు ఇచ్చారు. ఆ తగ్గింపును ఏదో ఒకదాని నెత్తిన వేయకుండా దామాషాలో పంచాలి:

యంత్రం: 120 × 110 ÷ 150 = 88
మెయింటెనెన్స్: 120 × 40 ÷ 150 = 32

యంత్రం ఇచ్చేశారు కాబట్టి 88 ఈ ఏడాది రాబడి. మెయింటెనెన్స్‌లో 24 నెలలకు 6 నెలలు గడిచాయి, కాబట్టి 32లో 8 మాత్రమే రాబడి. మిగిలిన 24 కస్టమర్‌కు మనం ఇంకా చేయాల్సిన పని. అంటే అది అప్పు.

డెబిట్: అమ్మకాలు 24
క్రెడిట్: కాంట్రాక్ట్ బాధ్యత 24

ఈ 24లో 16 వచ్చే ఏడాదిది, 8 ఆపై ఏడాదిది. ఇప్పుడే పక్కన రాసి పెట్టుకోండి, నివేదిక వెంట ఇచ్చే వివరణల్లో, అంటే నోట్స్‌లో, పనికొస్తుంది.

సరుకు వెనక్కిచ్చే హక్కు, టార్గెట్ దాటితే రిబేటు లాంటివి ఉంటే ధరే ఖాయంగా ఉండదు. అప్పుడు అంచనా వేయాలి. తర్వాత పెద్దగా వెనక్కి తిప్పుకోవాల్సిన అవసరం రాదని గట్టి నమ్మకం ఉన్నంత మేరకే రాబడి రాయాలి. తిరిగొస్తుందనుకున్న భాగాన్ని రీఫండ్ బాధ్యతగా చూపాలి.

## రెండో అడుగు: గీత ఎక్కడ గీయాలి?

ఆడిటర్లు కటాఫ్ అనేది దీన్నే. డిసెంబర్ 30న మన కంపెనీ ఒక యంత్రాన్ని 16కి ఇన్వాయిస్ వేసి లారీ ఎక్కించింది. ఒప్పందం ప్రకారం సరుకు కస్టమర్ గేటు దగ్గర దింపాకే వాళ్లదవుతుంది. దారిలో పాడైతే నష్టం మనది. లారీ జనవరి 4న చేరింది. డిసెంబర్ 31 అర్ధరాత్రి ఆ యంత్రం రోడ్డు మీదుంది, అయినా మనదే. కాబట్టి 16 అమ్మకం తీసేయాలి, కస్టమర్ బాకీ 16 తగ్గించాలి. యంత్రం ఖరీదు 10ని ముగింపు సరుకులో కలపాలి. గోడౌన్‌లో లెక్కపెట్టినవాళ్లకు అది కనిపించదు కదా!

పరీక్షించే పద్ధతి ఇదీ. డిసెంబర్‌లోని చివరి పది ఇన్వాయిస్‌లు, జనవరిలోని మొదటి పది ఇన్వాయిస్‌లు బల్ల మీద పరవండి. ఒక్కోదాని పక్కన డెలివరీ చలాన్, కస్టమర్ సంతకం పెట్టిన రసీదు, సెక్యూరిటీ గేటు రిజిస్టర్‌లో ఆ లారీ బయటికెళ్లిన వరుస పెట్టండి. ఇన్వాయిస్ తేదీ మీద ఆధారపడకండి, అది కంప్యూటర్‌లో మార్చేయవచ్చు. గేటు రిజిస్టర్ మాత్రం పెన్నుతో, వరుస నంబర్లతో, పైన కింద వేరే లారీల మధ్య ఇరుక్కుని ఉంటుంది. దాన్ని మార్చడం అంత తేలిక కాదు. స్టాకు లెక్కపెట్టే రోజు ఆఖరి చలాన్ నంబరు, ఆఖరి సరుకు రాక నంబరు రాసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇది నాకు దెబ్బ తిని వచ్చిన బుద్ధి. ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు స్టాకు లెక్కకు పంపారు. డబ్బాలన్నీ శ్రద్ధగా లెక్కపెట్టి సంతకం పెట్టాను. వాటిలో పన్నెండు డబ్బాలకు అప్పటికే ఇన్వాయిస్ పడిందని, రవాణా దొరక్క అక్కడే ఆగాయని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అమ్మకంలోనూ పడ్డాయి, నిల్వలోనూ పడ్డాయి. ఒకే డబ్బాకు రెండుసార్లు లాభం!

## మూడో అడుగు: అది మన అమ్మకమేనా?

కొన్నిసార్లు కంపెనీ సొంత సరుకు అమ్మదు, వేరేవాళ్ల సరుకు అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటుంది. మన 1,200లో 60 అలాంటిదే. వేరే తయారీదారు ఇంకు మన ఇన్వాయిస్ మీద వెళ్లింది, వాళ్లకు 54 ఇచ్చాం, అది కొనుగోళ్లలో ఉంది. సరుకు బాగోలేకపోతే జవాబు చెప్పేది తయారీదారు, అమ్ముడుపోకపోతే నష్టం వాళ్లది, ధర పెట్టేదీ వాళ్లే. అలాంటప్పుడు మనం ఏజెంట్లం. రాబడి 6 మాత్రమే. అమ్మకాల్లోంచి 54, కొనుగోళ్లలోంచి 54 తీసేయాలి.

లాభం మారనప్పుడు ఎందుకీ తంటా అంటారా? కంపెనీ ఎంత పెద్దదో జనం చూసేది రాబడి అంకెతోనే. అందుకే దాన్ని ఉబ్బించాలన్న కోరిక ఎప్పుడూ ఉంటుంది.

ఇప్పుడు రాబడి: 1,200 − 24 − 16 − 54 = 1,106. కొనుగోళ్లు: 640 − 54 = 586.

## నాలుగో అడుగు: సరుకు విలువ

ముగింపు సరుకును కొన్న ఖరీదు, అమ్మితే చేతికొచ్చే నికర విలువ, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దానికి చూపాలి. సరుకు నిల్వల మీద ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 2 చెప్పేది ఇదే. మన గోడౌన్‌లో ఒక పాత మోడల్ 25 ఖరీదుతో ఉంది. ఇప్పుడు అమ్మితే, రవాణా, కమీషన్ పోను 18 వస్తుంది. 7 తగ్గించాలి. మొత్తం నిల్వ మీద ఒకేసారి పోల్చకూడదు. అలా చేస్తే బాగా పోయే మోడల్ లాభం పాత మోడల్ నష్టాన్ని కప్పేస్తుంది. వస్తువు వారీగా చూడాలి.

ఖరీదు లెక్కకు ఫిఫో (ముందు కొన్నది ముందు అమ్ముడైనట్టు లెక్కించడం) గానీ సగటు గానీ వాడవచ్చు. లిఫోను (చివర కొన్నది ముందు అమ్ముడైనట్టు లెక్కించడాన్ని) అంతర్జాతీయ ప్రమాణాలు ఒప్పుకోవు, అమెరికా ప్రమాణాలు ఒప్పుకుంటాయి. ధరలు పెరిగే కాలంలో లిఫో వాడితే లాభం తక్కువగా కనిపిస్తుంది. కాబట్టి రెండు దేశాల కంపెనీలను పోల్చేటప్పుడు ముందు సరుకు ఖరీదు ఏ పద్ధతిలో లెక్కించారో చెప్పే నోట్ చదవండి.

ముగింపు సరుకు: 130 + 10 − 7 = 133. అమ్మిన సరుకు ఖర్చు: 150 + 586 − 133 = 603. స్థూల లాభం: 1,106 − 603 = 503.

## అయిదో అడుగు: కట్టాల్సినవి, ముందే కట్టేసినవి

ఇది పాఠ్యపుస్తకాల్లో మొదట నేర్పేదే, త్వరగా దాటేద్దాం. డిసెంబర్ ఓవర్‌టైమ్, బోనస్ కలిపి 15 జనవరిలో ఇస్తారు. పని డిసెంబర్‌లో జరిగింది కాబట్టి జీతాలు 180. బీమా 12 అక్టోబర్ 1న ఏడాదికి కట్టారు, మూడు నెలలే గడిచాయి. ఈ ఏడాది ఖర్చు 3, మిగతా 9 ఆస్తి. 100 అప్పు మీద 12 శాతం వడ్డీలో తొమ్మిది నెలలకే చెల్లించారు, ఇంకో 3 కలపాలి.

బిల్లు రాని ఖర్చులే ఇక్కడ చేజారేవి. వాటిని పట్టుకోవడానికి నేను వాడే ఉపాయం చాలా సాదా. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళ్లిన చెల్లింపులన్నీ తీసి, పెద్దవాటి బిల్లులు తిరగేస్తాను. 'డిసెంబర్ నెలకు గాను' అన్న మాట కనిపిస్తే అది పాత ఏడాదిది. ఇంకోటి, పన్నెండు నెలల అద్దె ఖాతాలో పదకొండు ఎంట్రీలే ఉంటే ఎవరైనా చెప్పాల్సిన పనిలేదు.

## ఆరో అడుగు: ఖర్చా, ఆస్తా?

రిపేర్ల ఖాతాలో 30 ఉంది. దాన్ని విప్పి చూస్తే అందులో 12, జులై 1న ఒక యంత్రానికి బిగించిన కొత్త మోటారు. ఆరేళ్లు పనిచేస్తుంది. అది రిపేరు కాదు, ఆస్తి. అటు మార్చాలి. రిపేర్లు 18 అవుతాయి. మోటారు మీద ఈ ఏడాది తరుగుదల (ఆస్తి ఖరీదును దాని ఆయుష్షు మీద పంచగా ఏటా పడే ఖర్చు) 12 ÷ 6 × సగం ఏడాది = 1. పాత యంత్రాల ఖరీదు 200, ఆయుష్షు 10 ఏళ్లు, చివర మిగిలే విలువ ఏమీ లేదు, కాబట్టి తరుగుదల 20. మొత్తం 21.

ఇక్కడ మనం ఖర్చును ఆస్తిగా మార్చాం, లాభం పెరిగింది. నిజాయితీగా చేస్తే సరే. కానీ లాభాన్ని పెంచడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. అమెరికా టెలికాం కంపెనీ వరల్డ్‌కామ్ చేసింది ఇదే. ఇతర నెట్‌వర్క్‌లను వాడుకున్నందుకు కట్టే రోజువారీ ఖర్చులను ఆస్తులుగా రాసింది. 2002 జూన్‌లో బయటపెట్టినప్పుడు ఆ మొత్తం 380 కోట్ల డాలర్లు దాటింది. అంత పెద్ద మోసానికి వాడిన ఎంట్రీ మన మోటారు ఎంట్రీ లాంటిదే, దాని వెనక మోటారు లేదు, అంతే. అందుకే ఖర్చును ఆస్తిగా మార్చే ప్రతి ఎంట్రీకీ వస్తువును కళ్లతో చూడటం, లేదా అది ఎన్నేళ్లు పనికొస్తుందో రాతపూర్వకంగా అడగటం మంచిది.

## ఏడో అడుగు: రాని బాకీలు, వారంటీ

కస్టమర్ల బాకీలు పుస్తకాల్లో 270. రోడ్డు మీదున్న యంత్రం 16 తీసేశాం కాబట్టి 254. ఆర్థిక ఆస్తుల మీద ఉన్న ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 9 ప్రకారం బాకీ మునిగేదాకా ఆగకూడదు, రాకపోవచ్చన్న అంచనాను ముందే రాయాలి. గత అనుభవాన్ని బట్టి వయసుల వారీగా ఇలా లెక్కగడతారు:

- గడువు దాటనివి 200, 1 శాతం: 2
- గడువు దాటి 90 రోజుల లోపువి 40, 10 శాతం: 4
- 90 రోజులు దాటినవి 14, 50 శాతం: 7

కావాల్సిన కేటాయింపు 13. పాతది 5 ఉంది. ఈ ఏడాది ఖర్చు 8.

శాతాలు గతం నుంచి వస్తాయి, కానీ గతం ఒక్కటే చాలదు. కస్టమర్ల పరిశ్రమ కుదేలవుతోందని తెలిస్తే పెంచాలి. ఫిబ్రవరిలో పెద్ద కస్టమర్ దివాలా తీశాడనుకోండి, నివేదిక ఇంకా ఆమోదం పొందలేదు. డిసెంబర్‌లోనే అతని పరిస్థితి బాగోలేదని ఆ కబురు చెబుతోంది కాబట్టి సాధారణంగా డిసెంబర్ లెక్కల్లోనే సవరించాలి. అదే ఫిబ్రవరిలో గోడౌన్‌కు నిప్పంటుకుంటే అది కొత్త సంఘటన. నోట్‌లో చెప్పాలి తప్ప డిసెంబర్ అంకెలు ముట్టుకోకూడదు.

అమ్మిన యంత్రాలకు మామూలు వారంటీ ఉంది. రిపేర్లకు 6 ఖర్చవుతుందని అంచనా, కేటాయింపు రాయాలి. మెయింటెనెన్స్ డబ్బును రాబడిలోంచి విడదీసి, వారంటీని ఖర్చుగా ఎందుకు రాశామని అడుగుతారు. మెయింటెనెన్స్ కస్టమర్ కొనుక్కున్న విడి సేవ. మామూలు వారంటీ 'మేమిచ్చిన సరుకు బాగానే ఉంటుంది' అన్న భరోసా మాత్రమే, అందులో అమ్మింది ఏమీ లేదు.

## ఎనిమిదో అడుగు: పన్ను

పన్ను శాఖ లెక్క వేరు, మన లెక్క వేరు. పన్నుకు ముందు లాభం 168 వచ్చింది (దీన్ని కింద కూడి చూద్దాం). పన్ను చట్టం ఇచ్చే తరుగుదల వేగంగా ఉండటం, కొన్ని కేటాయింపులను ఒప్పుకోకపోవడం, ఇవన్నీ కలిపి చూస్తే పన్ను వేసే లాభం 140 అనుకుందాం. రేటు 25 శాతం. ఇప్పుడు కట్టేది 35. మిగతా 28 మీద పన్ను తప్పిపోలేదు, వాయిదా పడింది. దానికి 7 వాయిదా పన్ను బాధ్యత. మొత్తం పన్ను ఖర్చు 42, సరిగ్గా 168లో నాలుగో వంతు. తేడాలన్నీ తాత్కాలికమైనవే అయితే ఇలా కుదరాలి. కుదరకపోతే ఎప్పటికీ ఒప్పుకోని ఖర్చేదో, జరిమానా లాంటిది, లోపల ఉందని అర్థం.

## తొమ్మిదో అడుగు: నివేదిక రూపం

| అంశం | లక్షల్లో |
|---|---|
| రాబడి | 1,106 |
| అమ్మిన సరుకు ఖర్చు | (603) |
| స్థూల లాభం | 503 |
| జీతాలు | (180) |
| అద్దె | (36) |
| బీమా | (3) |
| రిపేర్లు | (18) |
| తరుగుదల | (21) |
| రాని బాకీల కేటాయింపు | (8) |
| వారంటీ | (6) |
| ఇతర ఖర్చులు | (51) |
| నిర్వహణ లాభం | 180 |
| వడ్డీ | (12) |
| పన్నుకు ముందు లాభం | 168 |
| పన్ను | (42) |
| నికర లాభం | 126 |
| ఇతర సమగ్ర ఆదాయం, పన్ను పోను | 9 |
| మొత్తం సమగ్ర ఆదాయం | 135 |

నిర్వహణ లాభం అన్న మాటకు చాలాకాలం అంతర్జాతీయ ప్రమాణాల్లో నిర్వచనమే లేదు, ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేవారు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఐఎఫ్‌ఆర్‌ఎస్ 18 దాన్ని నిర్వచించింది. 2027 జనవరి 1న, ఆ తర్వాత మొదలయ్యే సంవత్సరాలకు అది తప్పనిసరి. ఆదాయ వ్యయాలను నిర్వహణ, పెట్టుబడులు, ఫైనాన్సింగ్, ఆదాయపు పన్ను, ఆపేసిన వ్యాపారాలు అని అయిదు గదుల్లో పెట్టమంటుంది. 'సర్దుబాటు చేసిన లాభం' అంటూ యాజమాన్యం పత్రికా ప్రకటనల్లో చెప్పుకునే సొంత కొలమానాలు ఉంటే, వాటిని ప్రమాణం ప్రకారం వచ్చిన అంకెతో కలిపి చూపించే నోట్ ఇవ్వమంటుంది. నా మటుకు ఇదే అన్నిటికంటే మంచి మార్పు.

ఇతర సమగ్ర ఆదాయం చూసి కంగారుపడకండి. నికర లాభంలో కలపకుండా విడిగా చూపే లాభనష్టాలే అవి. మన కంపెనీ దీర్ఘకాలం ఉంచుకోవడానికి వేరే కంపెనీ షేర్లు కొంది. వాటి మార్పును లాభనష్టాల్లో కాకుండా ఇక్కడ చూపుతామని మొదట్లోనే ఎంచుకుంది. ఏడాదిలో విలువ 12 పెరిగింది, పన్ను 3 పోను 9. ఒకసారి ఇలా ఎంచుకుంటే ఆ షేర్లు అమ్మినా సరే, ఆ లాభం ఎప్పటికీ నికర లాభంలోకి రాదు. విదేశీ అనుబంధ సంస్థ లెక్కలను మన కరెన్సీలోకి మార్చినప్పుడు వచ్చే తేడా కూడా ఇక్కడే ఉంటుంది, కానీ ఆ సంస్థను అమ్మేసిన రోజు నికర లాభంలోకి వస్తుంది.

వరదో అగ్నిప్రమాదమో జరిగిన ఏడాది 'అసాధారణ నష్టం' అని అడుగున వేరే వరుస పెట్టి, పై లాభాన్ని చక్కగా చూపాలన్న ఆశ పుడుతుంది. అంతర్జాతీయ ప్రమాణాలు ఆ వరుసను ఎప్పుడో ఎత్తేశాయి, అమెరికా 2015లో ఎత్తేసింది. మొత్తం పెద్దదైతే విడిగా చూపండి, కానీ ఉండాల్సిన గదిలోనే.

## పదో అడుగు: షేరుకు ఎంత?

లిస్టయిన కంపెనీ అయితే ఒక్కో షేరుకు లాభం కూడా చూపాలి. ఏడాది మొదట్లో 40 లక్షల షేర్లు, జులై 1న మరో 4 లక్షలు జారీ చేశారు. కొత్త డబ్బు సగం ఏడాదే పనిచేసింది కాబట్టి సగటు 40 + 4 × 6/12 = 42 లక్షలు. 126 ÷ 42 = 3. ఇక్కడ సమగ్ర ఆదాయం 135 వాడకూడదు, నికర లాభమే వాడాలి. బోనస్ షేర్లయితే నెలల లెక్క ఉండదు, కొత్త డబ్బేమీ రాలేదు కదా. మొదటి నుంచీ ఉన్నట్టే లెక్కించి, పాత ఏడాది అంకెనూ మార్చాలి.

## పాత తప్పు బయటపడితే

నిరుటి బిల్లు ఒకటి 8కి రాయడం మరిచిపోయామని ఇప్పుడు తెలిసింది. పెద్ద మొత్తమైతే ఈ ఏడాది ఖర్చులో పడేయకూడదు. నిరుటి అంకెలనే సవరించి చూపాలి. పన్ను పోను ప్రభావం 6. ప్రారంభ నిల్వ లాభం, అంటే గత ఏళ్లలో పంచకుండా మిగిల్చిన లాభం, 210 కాస్తా 204 అవుతుంది. దానికి ఈ ఏడాది 126 కలిపి, డివిడెండ్ 40 తీస్తే 290. డివిడెండ్ ఖర్చు కాదు, యజమానులకు పంచినది. ఇతర సమగ్ర ఆదాయం 9 ఇందులో కలవదు, దానికి విడి రిజర్వు ఉంటుంది.

అదే యంత్రం ఆయుష్షు పదేళ్లు అనుకున్నది పన్నెండేళ్లు అని ఇప్పుడు తేలితే అది తప్పు కాదు, అంచనా మారింది. వెనక్కి వెళ్లక్కర్లేదు, ఇకపై మార్చండి. ఈ రెండింటి మధ్య గీత మీద అకౌంటెంట్‌కూ ఆడిటర్‌కూ గొడవలు జరుగుతూనే ఉంటాయి. అప్పట్లో అందుబాటులో ఉన్న సమాచారం వాడి ఉంటే సరైన అంకె వచ్చేదా అని అడగండి. అవునంటే తప్పు, కాదంటే అంచనా.

నోట్స్‌లో రాబడిని ఏ పద్ధతిలో, ఎప్పుడు గుర్తించారో, ఎక్కడ సొంత నిర్ణయం వాడారో మీ కంపెనీ మాటల్లో రాయండి. ప్రమాణంలోని వాక్యాలు తెచ్చి అతికిస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. కాంట్రాక్ట్ బాధ్యత 24లో 16 వచ్చే ఏడాది, 8 ఆపై ఏడాది రాబడి అవుతుందని ఇక్కడే చెప్పాలి.

## సంతకానికి ముందు

మొదట్లో చెప్పిన అలవాటు ఇప్పుడు పనికొస్తుంది. 237కూ 168కీ తేడా 69. పన్ను కాకుండా చేసిన సవరణలన్నిటినీ ఆస్తి అప్పుల పట్టీ వైపు నుంచి కూడండి.

ఆస్తుల్లో: బాకీలు 16, 8 తగ్గాయి. సరుకు 10 పెరిగి 7 తగ్గింది. ముందే కట్టిన బీమా 9 పెరిగింది. యంత్రాలు 12 పెరిగి 21 తగ్గాయి. నికరంగా 21 తగ్గుదల.

అప్పుల్లో: కాంట్రాక్ట్ బాధ్యత 24, జీతాలు 15, వారంటీ 6, వడ్డీ 3. మొత్తం 48 పెరుగుదల.

21 + 48 = 69. కుదిరింది. ఏజెంట్ అమ్మకం 54 ఇందులో లేదు, ఎందుకంటే అది ఏ ఆస్తినీ ఏ అప్పునూ కదిలించలేదు.

తర్వాత లాభాన్ని నగదుతో పోల్చండి. లాభం ఏటా పెరుగుతూ, వ్యాపారం నుంచి వచ్చే నగదు ఏటా తగ్గుతుంటే మొదట చూడాల్సినవి బాకీలు, సరుకు, కొత్తగా ఆస్తులుగా మారిన ఖర్చులు. జవాబు తొంభై పాళ్లు ఆ మూడింట్లోనే దొరుకుతుంది.

ఇక జనవరి 1న కొత్త పుస్తకం తెరవగానే జీతాల 15, వడ్డీ 3 ఎంట్రీలను తిప్పి రాయండి. లేకపోతే జనవరిలో చెల్లించినప్పుడు అవే ఖర్చులు మళ్లీ పడతాయి. రోడ్డు మీదున్న ఆ యంత్రం 4వ తేదీన కస్టమర్ గేటు దగ్గర దిగి రసీదు మీద సంతకం పడ్డాక, 16 రాబడి, 10 ఖర్చు రాసుకోండి.